కడలి అడుగు మట్టి, ధ్రువాల మంచు, కృష్ణ ఒండ్రు: మూడు జిల్లాల ఉపాధ్యాయుల సభ తీర్మానం

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ప్రభుత్వ పాఠశాలల్లో, జూనియర్, డిగ్రీ కళాశాలల్లో విజ్ఞానశాస్త్రం, భూగోళం బోధించే ఉపాధ్యాయులు, అధ్యాపకులు ఉమ్మడిగా సమావేశమై, ధ్రువాల మంచు పలకలు లక్షల, కోట్ల ఏళ్లలో ఎలా పెరిగాయో, ఎలా తరిగాయో సముద్రపు అడుగు మట్టి ఏ విధంగా నమోదు చేసిందన్న విషయాన్ని చర్చించి, ఈ కింది తీర్మానాన్ని ఆమోదించారు. తీర్మానం కన్నా ముందు దాని కారణాలను వివరంగా రాయాలని, ఆ కారణాలను తరగతి గదిలో చదివి వినిపించగలిగేలా మామూలు తెలుగులో రాయాలని సభ నిర్ణయించినందున పీఠిక కొంత పెద్దదైంది.

పీఠిక

సభలో మొదట లేచిన ప్రశ్న సూటిగానే ఉంది. అంటార్కిటికా మంచు గురించి తీర్మానం చేయడానికి పాలమూరు వాళ్లకు ఏం పని? ఈ మూడు జిల్లాలకు సముద్రం లేదు. వానలు అంతంతమాత్రం. కరువుకూ వలసకూ పేరుపడ్డ నేల. ఈసారి వానకాలం పంటకు నీళ్లుంటాయా, యాసంగికి కాలువ వదులుతారా అన్నదే ఇక్కడ అందరి గుబులు. ఎక్కడో దక్షిణ ధ్రువం దగ్గర మంచు ఎప్పుడు పేరుకుంటే మనకేమి, ఎప్పుడు కరిగితే మనకేమి అని అడిగిన మిత్రుడి మాటను సభ తేలిగ్గా తీసుకోలేదు. ఈ పీఠిక చాలావరకు ఆయనకు చెప్పిన జవాబే.

జవాబులో మొదటి భాగం మా నేలలోనే ఉంది. అమ్రాబాద్ పీఠభూమి మీద నల్లమల అడవిని మోస్తున్న గట్టి రాయికి భూగర్భశాస్త్రంలో శ్రీశైలం క్వార్ట్‌జైట్ అని పేరు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన ఇసుక బరువుకు నలిగి, గట్టిపడి ఆ రాయైంది. కొన్ని పలకల మీద లోతులేని నీళ్లలో అలలు గీసిన గీతలు ఇప్పటికీ చేతికి తగులుతాయి. తుంగభద్రకు అటూ ఇటూ ఇళ్లలో పరిచే నాపబండలు కూడా పాత సముద్రంలో పొరలుపొరలుగా పేరుకున్న సున్నపు బురదే. ఈ జిల్లాల పిల్లవాడు సముద్రపు అడుగును చూడటానికి మచిలీపట్నం దాకా పోనక్కరలేదు. దాని మీదే పీట వేసుకుని అన్నం తింటున్నాడు.

మంచు సంగతీ అంతే. గోదావరి లోయలో సింగరేణి బొగ్గు పొరల అడుగున తాల్చీర్ పొరలున్నాయి. సన్నటి బురదలో చిన్నా పెద్దా గుండ్లు కలగలిసిపోయి ఉంటాయి. ఇలాంటి పొరలను ఒడిశాలోని తాల్చేరులో పరిశీలించిన భూగర్భశాస్త్రజ్ఞులు బ్లాన్‌ఫర్డ్ సోదరులు 1856లోనే ఇవి మంచు తెచ్చి పోసినవని చెప్పారు. వేడి దేశంలో మంచేమిటని చాలామంది నమ్మలేదు. 1870లలో చంద్రపూర్ ప్రాంతంలో పెన్‌గంగ దగ్గర ఇరాయి అనే చోట, మంచు ఈడ్చిన రాళ్లు గీసిన గాట్లతో ఒక బండ బయటపడ్డాక ఆ మాటకు బలం వచ్చింది. సుమారు 30 కోట్ల ఏళ్ల క్రితం భారత భూభాగం, అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా ఒకే గోండ్వానా ఖండంగా ఉండేవి. అందులో మన భాగం దక్షిణ ధ్రువానికి చేరువలో మంచు కింద ఉండేది. సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం భారత తూర్పు తీరం అంటార్కిటికా నుంచి విడిపోయింది. తూర్పు కనుమల రాళ్లకూ తూర్పు అంటార్కిటికా తీరపు రాళ్లకూ పోలిక కుదిరేది అందుకే. 2012 నుంచి మన దేశపు భారతి స్టేషను ఉన్న లార్స్‌మన్ కొండలు ఆ తీరంలోనివే. కనుక అంటార్కిటికా మనకు పరాయిది కాదని సభ భావిస్తున్నది.

ఇక మంచు చరిత్రను మంచులోనే చదవవచ్చు కదా, సముద్రపు మట్టి దాకా ఎందుకు పోవాలన్న ప్రశ్న. మంచు పలక తన పాత గుర్తులను తనే చెరిపేసుకుంటుంది. పెరిగినప్పుడు కింది నేలను గీకుతూ ముందుకు సాగుతుంది. గతసారి వదిలిపోయిన గుట్టలనూ గులకలనూ ఊడ్చేస్తుంది. లోపలి పాత మంచు మెల్లగా తీరానికి జారి, విరిగి, సముద్రంలో కలిసిపోతుంది. అంటార్కిటికాలోని డోమ్ సి దగ్గర ఐరోపా దేశాలు తీసిన మంచు కోర్ (గొట్టంతో నిలువుగా తీసిన నమూనా) 8 లక్షల ఏళ్ల దాకా చెప్పింది. 2025 జనవరిలో మరో చోట 12 లక్షల ఏళ్లు దాటిన మంచును బయటికి తీశారు. గొప్ప పనే. కానీ అంటార్కిటికా మీద మంచు పలక నిలబడి 3.4 కోట్ల ఏళ్లయింది. ఆ మొత్తం లెక్క ఉన్నది సముద్రపు అడుగునే. అక్కడ ఎవరూ దున్నరు, వరద కోసుకుపోదు. లోతు సముద్రంలో వెయ్యేళ్లకు కొన్ని మిల్లీమీటర్ల నుంచి కొన్ని సెంటీమీటర్ల మట్టి మాత్రమే పేరుకుంటుంది. పాతదాని మీద కొత్తది, వరుస తప్పకుండా.

ఆ మట్టి ఇచ్చే సాక్ష్యాలు మూడు రకాలని సభకు వివరించడం జరిగింది.

మొదటి సాక్షి రాయి. మంచు పలక కదులుతూ కింది బండను గీకి, రాళ్లనూ ఇసుకనూ తనలో ఇముడ్చుకుంటుంది. తీరం చేరాక మంచుకొండలుగా విరిగి తేలిపోతుంది. కరిగేకొద్దీ ఆ రాళ్లు ఒక్కొక్కటే అడుగుకు రాలిపోతాయి. ఒడ్డుకు వందల కిలోమీటర్ల దూరంలో, మైదాలాంటి బురద నడుమ పిడికెడు గులకరాయి దొరికితే, దాన్ని ఏ నదీ తెచ్చి ఉండదు, ఏ గాలీ మోసి ఉండదు. 1872 నుంచి 1876 దాకా ప్రపంచ సముద్రాలు తిరిగిన బ్రిటిష్ నౌక చాలెంజర్ దక్షిణ సముద్రంలో వల వేసి ఇలాంటి రాళ్లనే పైకి తెచ్చింది. అప్పటికి అంటార్కిటికా లోపల ఏముందో చూసినవాళ్లు లేరు. అయినా ఆ రాళ్లు ఖండాల మీద మాత్రమే పుట్టే రకాలు కాబట్టి అక్కడ పెద్ద భూభాగం ఉండి తీరాలని ఆ నౌకలోని శాస్త్రజ్ఞుడు జాన్ మర్రే వాదించాడు. నేలను చూడకుండా, నేల రాల్చిన రాయిని పట్టుకుని ఖండం ఉనికి చెప్పిన ఆ తర్కం మా పిల్లలకు తప్పకుండా చెప్పవలసిన పాఠం. ఉత్తర అట్లాంటిక్‌లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హార్ట్‌ముట్ హైన్రిష్ 1988లో చూపిన రాళ్ల పొరలు కూడా ఇలాంటివే. గత మంచుయుగంలో ఉత్తర అమెరికా మంచు పలక కొన్నిసార్లు గుంపులు గుంపులుగా మంచుకొండలను సముద్రంలోకి వదిలిందని వాటితోనే తెలిసింది.

రెండవ సాక్షి గవ్వ. ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవులు సున్నంతో గూడు కట్టుకుంటాయి. చాలావాటి గూడు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. నీటిలోని ఆక్సిజన్‌లో తేలిక రకం, బరువు రకం ఉన్నాయి: 16, 18. ఎండకు తేలిక రకం సులువుగా ఆవిరవుతుంది. అది వానై తిరిగి సముద్రం చేరితే లెక్క సరిపోతుంది. మంచై ఖండాల మీద నిలిచిపోతే సముద్రంలో బరువు రకం పాలు పెరుగుతుంది. అప్పుడు కట్టిన గూళ్లలోనూ ఆ పాలు పెరుగుతుంది. చలి పెరిగినా గూడులో బరువు రకం ఎక్కువవుతుంది కాబట్టి చలి వాటానూ మంచు వాటానూ విడదీయడానికి అదే గూడులోని మెగ్నీషియం, కాల్షియం నిష్పత్తిని చూస్తారు. శాస్త్రజ్ఞుడు చెసారే ఎమిలియానీ 1955లో ఈ దారి వేశాడు. గూళ్ల లెక్కలో మంచు వాటాయే పెద్దదని నికొలస్ షాకిల్టన్ 1967లో చూపించాడు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారిలోని మార్పులే మంచుయుగాల లయను నిర్ణయిస్తున్నాయని హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ 1976లో హిందూ మహాసముద్రపు దక్షిణ భాగం నుంచి తీసిన కోర్లతోనే తేల్చారు. 2005లో లిసీకీ, రేమో 57 చోట్ల కోర్లను కలిపి 53 లక్షల ఏళ్ల వరుసను ఒక్క గీతగా నిలబెట్టారు. 2020 నాటికి ఆ వరుస 6.6 కోట్ల ఏళ్లకు, రాకాసిబల్లులు అంతరించిన కాలానికి చేరింది.

మూడవ సాక్షి మట్టి రకం. మంచు నేలను ఆనుకుని ఉన్నచోట పేరుకున్న మట్టి బూడిదరంగులో, గులకలూ ఇసుకా బంకమన్నూ కలగాపులగంగా, గట్టిగా అణిగి ఉంటుంది. మంచు వెనక్కి తగ్గి నీళ్ల మీద ఎండ పడితే డయాటమ్ అనే సూక్ష్మ నాచు పెరుగుతుంది. దాని గాజు గూళ్లు రాలి, తేలికైన పచ్చటి మట్టిగా పేరుకుంటాయి. కోర్‌ను నిలువునా చీల్చి బల్ల మీద పరిస్తే ఈ రెండూ ఒకదాని కింద ఒకటి చారలుగా కనిపిస్తాయి. బూడిదచార అంటే మంచు వచ్చింది, పచ్చచార అంటే పోయింది.

భారతి స్టేషను ముందున్న ప్రిడ్జ్ అఖాతం గురించి సభ ప్రత్యేకంగా చర్చించింది. తూర్పు అంటార్కిటికా లోపలి మంచులో పెద్ద భాగం లాంబర్ట్ హిమానీనదం గుండా ఈ అఖాతంలోకే జారుతుంది. మన కృష్ణకు హంసలదీవి ఎలాగో ఆ మంచుకు ఈ అఖాతం అలాగ. జాయిడిస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ నౌక 1988లోనూ, మళ్లీ 2000లోనూ ఇక్కడ సముద్రపు అడుగును తవ్వింది. 1166 అనే సంఖ్య ఇచ్చిన బావిలో కింద నదీముఖపు ఇసుకలు, వాటిలో మొక్కల పుప్పొడి కనిపించాయి. ఒకప్పుడు అక్కడ పొదలు, చెట్లు ఉండేవి. వాటి పైన మంచు తెచ్చిన మట్టి మొదలైంది. చెట్టున్న అంటార్కిటికా మంచు అంటార్కిటికా అయిన కథంతా ఒక్క గొట్టం పొడవులో దొరికింది. గాలిలో బొగ్గుపులుసు వాయువు తగ్గడం ఆ మార్పుకు ప్రధాన కారణమని, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా దూరం జరగగా చుట్టూ చల్లటి ప్రవాహానికి దారి ఏర్పడటమూ తోడైందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఇదే అఖాతం వెలుపల లోతు నీళ్లలో 1165 అనే బావి దాదాపు వెయ్యి మీటర్ల మట్టిని చీల్చి, సుమారు 2.2 కోట్ల ఏళ్ల వెనక్కి పోయింది. మన దేశపు స్టేషను గుమ్మం ముందే ఇంత చరిత్ర ఉండగా, దాన్ని తవ్వి చదివిన ఓడ మనది కాకపోవడం సభను బాధించింది. ఆ బాధను తీర్మానంలో రాయడానికి సభ వెనకాడలేదు.

పశ్చిమ అంటార్కిటికా దగ్గర 2006, 2007లలో ఆండ్రిల్ అనే బృందం తేలే మంచుకు బెజ్జం వేసి, దాని కింద సముద్రం దాటి, అడుగులో 1,285 మీటర్ల దాకా తవ్వింది. బూడిదచారలూ పచ్చచారలూ పదేపదే మారడం ఆ కోర్‌లో చూశారు. 50 లక్షల నుంచి 30 లక్షల ఏళ్ల క్రితం మధ్య, ఇప్పటికన్నా రెండు మూడు డిగ్రీలు వేడిగా ఉన్న కాలంలో, పశ్చిమ అంటార్కిటికా మంచు పలక మళ్లీ మళ్లీ కూలి మళ్లీ పెరిగిందని 2009లో ప్రకటించారు. అప్పుడు గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్లలో సుమారు 400 పాళ్లు. ఇప్పుడది 420 దాటింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడమని సభ సభ్యులందరినీ, వారి ద్వారా విద్యార్థులనూ కోరుతున్నది.

ఇప్పుడు మొదటి ప్రశ్న దగ్గరికి రావాలి: మన వాన. 2014 నవంబరు నుంచి 2015 జనవరి దాకా జాయిడిస్ రిజల్యూషన్ నౌకే బంగాళాఖాతంలో రుతుపవనాల చరిత్ర కోసం తవ్వింది. మహానది ముఖం దగ్గరి యు1446 అనే బావి మట్టిలో 9 లక్షల ఏళ్ల వాన హెచ్చుతగ్గులను చదివి 2021లో ప్రకటించారు. మన నైరుతి వాన హెచ్చుతగ్గులు గాలిలోని బొగ్గుపులుసు వాయువుతోనూ, ఖండాల మీద ఎంత మంచు ఉందన్నదానితోనూ, దక్షిణార్ధగోళపు హిందూ మహాసముద్రం నుంచి వచ్చే తేమతోనూ ముడిపడి ఉన్నాయని తేలింది. అంటే గద్వాల చెలక మీద పడే చినుక్కూ ధ్రువాల మంచుకూ చుట్టరికం ఉంది. ఊహతో చెప్పిన మాట కాదు, మట్టి చూసి చెప్పినది.

ఇంకొకటి మా గుండెకు మరింత దగ్గరిది. 2006లో కృష్ణా గోదావరి తీరంలో గ్యాస్ హైడ్రేట్లు అనే, మంచులా గడ్డకట్టిన వాయు నిక్షేపాల కోసం తవ్వినప్పుడు గోదావరి ముఖం ఎదుట తీసిన కోర్‌లో, దక్కన్ పీఠభూమి ఆకుల మీది మైనం నదితోపాటు కొట్టుకొచ్చి పేరుకున్నది దొరికింది. దాన్ని పరీక్షించి 2012లో చెప్పిన మాట ఇది: సుమారు 4,000 ఏళ్ల క్రితం నుంచి 1,700 ఏళ్ల క్రితం దాకా దక్కన్ మీద పొడినేల మొక్కలు మెల్లమెల్లగా పెరిగాయి, ఆ తర్వాత ఆ పొడితనమే నిలిచిపోయింది. పాలమూరు కరువు గురించి ఎన్నో కారణాలు విన్నాం, ఎన్నో నిజం కూడా. కాని ఈ నేల పొడితనం ఎంత పాతదో చెప్పింది సముద్రపు అడుగు బురద. కరువు పడ్డ జిల్లాలకు ఇంతకన్నా తమదైన విజ్ఞానం ఏముంటుంది?

ఈ పనిలో తెలుగునాటి చేయి కూడా ఉంది. నిజాం రాజ్యపు భూగర్భ శాఖలో పనిచేసి ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చిన సి. మహదేవన్, తన సహచరుడు ఎం. పూర్ణచంద్రరావుతో కలిసి 1954లోనే తూర్పు తీరపు సముద్రగర్భ మట్టి మీద రాశాడు. అమెరికా నుంచి వచ్చిన ఇ.సి. లాఫాండ్ అదే దశాబ్దంలో విశాఖలో సముద్రశాస్త్రాన్ని నిలబెట్టాడు. మన తీరం ఎదుట నీళ్ల కింద ఉన్న లోయల్లో ఒకటి ఆంధ్ర, ఒకటి మహదేవన్, ఒకటి కృష్ణ పేరుతో ఉన్నాయి. ఈ పేర్లు మా పిల్లల్లో ఎవరికీ తెలియవు. తప్పు పిల్లలది కాదు.

జాయిడిస్ రిజల్యూషన్ 1985 నుంచి పనిచేసి 2024లో ఆగిపోయింది. దానికి నిధులిచ్చిన అమెరికా సంస్థ ఒప్పందాన్ని పొడిగించలేదు. జపాన్‌కు చిక్యూ ఉంది; చైనా 2024 నవంబరులో మెంగ్‌షియాంగ్ అనే డ్రిల్లింగ్ నౌకను రంగంలోకి దించింది. మన దేశం 2021లో 4,077 కోట్ల రూపాయలతో లోతు సముద్ర మిషన్‌ను ఆమోదించింది. దేశంలోనే ధ్రువ పరిశోధన నౌక కట్టడానికి కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ ఓడల కర్మాగారం నార్వే సంస్థతో 2025లో అవగాహన కుదుర్చుకుంది. ఆ ఓడ నమూనా ఖరారయ్యే వేళ మాట చెప్పడం అవసరం. ఓడ కట్టడం పూర్తయ్యాక చెప్పి లాభం లేదు.

చివరగా మా కృష్ణ ఒండ్రు. శ్రీశైలం జలాశయం మొదట 308 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు 215 టీఎంసీల దగ్గరికి వచ్చింది. జూరాల 11.94 నుంచి 9.66కు తగ్గింది. ఈ అంకెలను మేం ఎప్పుడూ నీటి నష్టంగానే చూశాం, అది నిజమే. అయితే ఆ పూడిక నలభై ఏళ్లుగా ఏటా ఒక పొరగా పేరుకున్న లిఖితం కూడా. ఎండాకాలం సోమశిల దగ్గర శ్రీశైలం వెనుకజలాలు తగ్గినప్పుడు, ఎండి పగిలిన ఒడ్డు నిలువుగా తెగినచోట, పైన నల్లరేగడి సన్నపొర, కింద ఇసుకచార, మళ్లీ నలుపు కనిపిస్తాయి. వరద పెద్దదైన ఏడు ఇసుక లావుగా, చిన్నదైన ఏడు బురద సన్నగా పడుతుంది. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చి, అలంపూర్, కర్నూలు మునిగిన ఏడాది గుర్తు కూడా ఆ పొరల్లో వెతకవలసిందే. ఆ పొరలన్నిటి కింద ముంపు గ్రామాల పొలాలు, ఇళ్ల పునాదులు ఉన్నాయి. ఊళ్లు వదిలి వచ్చిన కుటుంబాల బిడ్డలు ఈ సభలోనూ ఉన్నారు. వారి ముందు ఈ మాటను గౌరవంతో నమోదు చేస్తున్నాం.

తీర్మానం

పై కారణాలను దృష్టిలో ఉంచుకొని ఈ సభ కింది విధంగా తీర్మానించింది.

1. మూడు జిల్లాల్లో సభ్యులు పనిచేసే ప్రతి ఉన్నత పాఠశాలలో, 8, 9 తరగతులకు, సముద్రపు అడుగు మట్టి గురించి ఏడాదికి కనీసం రెండు పీరియడ్లు చెప్పాలి. పాఠం అంటార్కిటికాతో మొదలుపెట్టకూడదు. బడి వరండాలోని నాపబండతో మొదలుపెట్టాలి. రెండో పీరియడ్‌లో ప్రయోగం చేయించాలి. స్టీలు గిన్నెలో గులకలు, ఇసుక, నీళ్లు పోసి గడ్డకట్టించిన ఐసును గాజు తొట్టిలో నీటి మీద వదలాలి. తొట్టి అడుగున ముందే సన్నటి బంకమట్టి పరిచి ఉంచాలి. ఐసు కరిగేకొద్దీ రాళ్లు ఎక్కడ పడుతున్నాయో పిల్లలు గీసి చూపాలి. ఫ్రిజ్ లేని బడికి దగ్గరి ఐసు ఫ్యాక్టరీ నుంచి గడ్డ తెప్పించుకోవడానికి అయ్యే ఖర్చును సభ నిధి భరిస్తుంది.

2. శ్రీశైలం, జూరాల జలాశయాల్లో పూడిక తీసే పనులు ఎప్పుడు చేపట్టినా, పని మొదలుపెట్టక ముందు కనీసం కొన్నిచోట్ల కదలని పూడిక నుంచి నిలువు నమూనాలు తీసి భద్రపరచాలని తెలంగాణ నీటిపారుదల శాఖను కోరుతున్నాం. మిషన్ కాకతీయలో మా చెరువుల పూడిక తీసి పొలాలకు తోలినప్పుడు రైతుకు మేలు జరిగింది. ఆ పొరలను మాత్రం ఎవరూ చూడలేదు. వనపర్తి సంస్థానం తవ్వించిన సప్తసముద్రాల్లో, రంగసముద్రం, శంకరసముద్రం వంటి చోట్ల, కదలని పూడిక మిగిలి ఉంటే అక్కడా ఇదే జాగ్రత్త తీసుకోవాలి. సోమశిల దగ్గర నమూనా తీయడానికి వేసవిలో ఉపాధ్యాయులే పోవాలి, మత్స్యకారులను వెంటబెట్టుకుని పోవాలి. వెనుకజలాల బురద పైకి ఎండినట్టు కనిపించినా లోపల దిగబడుతుంది కాబట్టి పిల్లలను ఆ బురదలోకి దించకూడదు. తీసిన ప్రతి గొట్టాన్ని నిలువునా రెండు సగాలుగా చేసి ఒక సగం ఎవరూ ముట్టకుండా మూసి ఉంచాలి, రెండో సగమే పరిశీలించాలి. సముద్రపు కోర్లకు ప్రపంచమంతా పాటించే పద్ధతి ఇదే.

3. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖకు, గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రానికి మా విన్నపం: కట్టబోయే ధ్రువ నౌకలో పొడవైన మట్టి కోర్లు తీసే పరికరం తప్పక ఉండాలి. ప్రిడ్జ్ అఖాతంలోనూ దాని వెలుపలి లోతు నీళ్లలోనూ మట్టి అధ్యయనం ఆ నౌక మొదటి పనుల్లో ఒకటి కావాలి. సముద్రపు కోర్లు ఇప్పుడు టెక్సాస్‌లో, బ్రెమెన్‌లో, జపాన్‌లోని కోచిలో చల్లటి గదుల్లో ఉన్నాయి. అలాంటి గది మన తీరంలోనూ కావాలి. కొన్ని కోర్ ముక్కలను బడులకు తెప్పించాలన్న సూచన సభలో వచ్చింది. గాలి తగిలి ఎండిన కోర్ పరిశోధనకు పనికిరాదు కాబట్టి దాన్ని పక్కన పెట్టి, ఫొటోలతో సరిపెట్టుకోవాలని నిర్ణయించడమైనది.

4. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఏడాదికి ఒక రోజు ఈ మూడు జిల్లాల ప్రభుత్వ బడుల పిల్లలకు తలుపులు తెరవాలని కోరుతున్నాం. పాలమూరు విశ్వవిద్యాలయం తన గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ పీజీ కేంద్రాల్లో మట్టి పొరలను చదవడం నేర్పే చిన్న కోర్సు ఒకటి ప్రారంభించాలి. దేశమంతా ప్రాజెక్టుల మట్టి ఎత్తిన పాలమూరు కూలీల పిల్లలు ఆ మట్టిని మైక్రోస్కోపు కింద పెట్టి చదివే రోజు రావాలని ఈ సభ గట్టిగా కోరుకుంటున్నది.

5. ఈ విషయాన్ని బోధించేటప్పుడు పిల్లలను భయపెట్టకూడదు, బుజ్జగించకూడదు. ఈ నిబంధన సవరణగా వచ్చింది. సుదీర్ఘ చర్చ తర్వాత చేర్చడమైనది. అంటార్కిటికా మంచంతా కరిగితే సముద్రం సుమారు 58 మీటర్లు, గ్రీన్‌లాండ్‌ది కరిగితే సుమారు 7 మీటర్లు పెరుగుతుందన్నది నిజం. ఏళ్లలో కాదు, వందల, వేల ఏళ్లలో జరిగే పని అన్నదీ అంతే నిజం. 20,000 ఏళ్ల క్రితం సముద్రం ఇప్పటికన్నా 120 మీటర్లకు పైగా కిందికి ఉండేదని, ఆ మంచు కరిగి సముద్రం పైకొచ్చి నిలకడ పడ్డాకే నేటి కృష్ణా డెల్టా ఏర్పడిందని చెప్పాలి. ఒకసారి కూలిన మంచు పలక మన మనవల కాలంలో తిరిగి రాదన్నది కూడా దాచకూడదు. దివిసీమలో, బందరులో బంధువులున్న పిల్లలు అడిగే ప్రశ్నలకు అంకెలతో జవాబు చెప్పాలి, ‘ఏమో’ అని దాటవేయకూడదు.

6. ఈ తీర్మానం అమలును చూడటానికి జిల్లాకు ఇద్దరు చొప్పున ఆరుగురితో ఉపసంఘం ఏర్పాటు చేయడమైనది. అందులో కనీసం ముగ్గురు మహిళా ఉపాధ్యాయులు ఉండాలి. వచ్చే వేసవి నీటిమట్టం తగ్గగానే సోమశిల దగ్గర మొదటి నమూనా తీసి, పొరల కొలతలు, ఫొటోలతో తర్వాతి సభ ముందు ఉపసంఘం పెట్టాలి.

7. తీర్మానం ప్రతులను మూడు జిల్లాల కలెక్టర్లకు, విద్యాశాఖాధికారులకు, పాలమూరు విశ్వవిద్యాలయ ఉపకులపతికి, పైన పేర్కొన్న శాఖలకు, సంస్థలకు పంపాలి. జవాబు వచ్చినా రాకపోయినా 1, 5, 6 నిబంధనలు మా చేతిలోనివే కాబట్టి ఈ విద్యాసంవత్సరం నుంచే అమలుచేయాలి.

మొదటి ప్రశ్న అడిగిన సభ్యుడే తీర్మానాన్ని బలపరిచారు. సభ చేతులెత్తి ఏకగ్రీవంగా ఆమోదించింది.